న్యెన్ టీచర్ చొక్కా

న్యెన్ టీచర్ మర్యాదగా మాట్లాడటం మొదలుపెట్టాక మా ఊరి వృత్తి విద్యా పాఠశాలలో వడ్రంగం పిల్లలకు నిజంగా భయమేసింది.

అంతకుముందు ఇరవై ఎనిమిదేళ్ళలో ఆమె ఎవరినీ బుజ్జగించి మాట్లాడిన దాఖలా లేదు. "ఇది బల్లకి కాలా, బాతుకి కాలా?" అనేది. "చెక్క వంకరగా లేదు, నీ చూపు వంకరగా ఉంది, పోయి మొహం కడుక్కుని రా" అనేది. ఆ తిట్లు పడినవాళ్ళు సాయంత్రం టీ కొట్టు దగ్గర వాటిని ఒకరికొకరు గొప్పగా అప్పజెప్పుకునేవారు. బాగుపడే ఆశ లేని పనిని ఆమె తిట్టదని, మాట్లాడకుండా తుక్కు కుప్ప మీదికి విసిరేస్తుందని అందరికీ తెలుసు. అలాంటి మనిషి మార్చి నెలాఖరు నుంచి "కొంచెం పక్కకు జరుగుతావా బాబూ" అంటోంది. "పరవాలేదు, బానే వచ్చింది" అంటోంది. బాగా రానివాటిని కూడా.

"బానే వచ్చిందంట్రా!" అని రెండో ఏడాది చదివే లియావ్ తన స్టూలు పట్టుకుని దాదాపు ఏడ్చాడు. "నాలుగు కాళ్ళలో మూడే నేలకి ఆనుతున్నాయి. దీన్ని చూసి బానే వచ్చిందంది. ఇక మన పని అయిపోయింది."

కారణం వాళ్ళకూ తెలుసు. మార్చి పంతొమ్మిదిన, మధ్యాహ్నం మూడు గంటలప్పుడు, చ్వాంగ్ ఇజెన్ ఎడమ చెయ్యి బల్ల రంపంలో పడింది. చూపుడు వేలు రెండు కణుపులు పోయాయి. మధ్య వేలును తాయ్‌చుంగ్ నగరంలో డాక్టర్లు తిరిగి అతికించారు గాని అది ఇప్పటికీ పూర్తిగా ముడుచుకోదు. ఇజెన్‌కు అప్పుడు పదిహేడేళ్ళు. ఆ వేసవిలో జరిగే జాతీయ నైపుణ్య పోటీలకు మా వైపు నుంచి ఎంపికైన పిల్ల.

ఆ క్షణంలో న్యెన్ టీచర్ చేయవలసినవన్నీ చేసింది. రంపం ఆపింది, చేతిని గుడ్డతో బిగించి పైకెత్తి పట్టింది, తెగిన వేళ్ళను శుభ్రమైన గుడ్డలో చుట్టి సంచిలో వేసి ఆ సంచిని మంచులో పెట్టించింది, అంబులెన్సులో పిల్ల పక్కన కూర్చుని దారంతా లెక్కలు అడిగింది. "ఎనిమిది వందల నలభై మిల్లీమీటర్ల పలకలో అయిదు సమాన భాగాలు, మధ్యలో రంపం కోత మూడేసి మిల్లీమీటర్లు పోతే ఒక్కో ముక్క ఎంత?" ఇజెన్ పళ్ళు బిగించి నూట అరవై అయిదు పాయింట్ ఆరు అంది. మధ్య వేలు దక్కడానికి ఆ మంచే కారణమని ఆసుపత్రిలో అన్నారు. ఆమె తల ఊపింది.

మా వైపు పాత చెక్కపని దుకాణాల్లో ఒక పద్ధతి ఉండేది. బల్ల రంపం పళ్ళ మీద ఒక మూత ఉంటుంది. అది ఉంటే చెయ్యి భద్రం, కాని సన్నటి ముక్కలు కోయడానికి అడ్డం. కొత్తగా చేరినవాళ్ళు మూత ఉంచే కోయాలి. పనివాడి చెయ్యి కుదిరిందని గురువుకు అనిపించిన రోజున, గురువే స్వయంగా ఆ మూత విప్పి, దాని రెండు మరలనూ శిష్యుడి అరచేతిలో పెడతాడు. ఏమీ అనడు. ఆ రోజు నుంచి ఆ పిల్లవాడు పనివాడు.

న్యెన్ టీచర్, అంటే సుయూ, పదిహేనేళ్ళప్పుడు పూజ బల్లలు చేసే దుకాణంలో చేరింది. దుకాణంలో మొదటి ఆడపిల్ల. ఆమె గురువు మూడేళ్ళు ఆ మూత విప్పలేదు. తర్వాత చేరిన ఇద్దరు మగపిల్లలకు విప్పాడు, ఆమెకు విప్పలేదు. విప్పిన రోజున ఆమె ఆ మరలను గుప్పిట్లో పట్టుకుని ఇంటిదాకా పరుగెత్తిందని, తెల్లారి మళ్ళీ తెచ్చి ఇవ్వవలసి వచ్చిందని ఆమె భర్త ఆతియెన్ ఇప్పటికీ నవ్వుతూ చెబుతాడు. అదే పద్ధతిని ఆమె పాఠశాలకు తెచ్చింది. మూత ఎప్పుడూ తీయకూడదని గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంది. తనిఖీ వచ్చిన రోజున మూత ఉండేది. మిగతా రోజుల్లో అది తీయడానికి అర్హులెవరో న్యెన్ టీచర్ నిర్ణయించేది. ఇరవై ఎనిమిదేళ్ళలో పదకొండు మందికి తీసింది. పదకొండో మనిషి ఇజెన్. తీసింది మార్చి పంతొమ్మిదిన, మధ్యాహ్నం రెండు గంటల నలభై నిమిషాలకు.

ఆ చెక్కలో పైకి కనబడని ముడి ఉంది. రంపం దాన్ని తాకి ముక్కను వెనక్కి తన్నింది. పక్కనే నిలబడి చూస్తున్న న్యెన్ టీచర్ ఆ క్షణంలో నవ్వుతోంది. తన జీవితంలో తయారుచేసిన చేతులన్నిటిలోకీ మంచి చెయ్యి అదేనని ఆమె అనుకుంటూ ఉంది.

ఆ సాయంత్రం ఆసుపత్రి వరండాలోకి విభాగం పెద్ద ఫాంగ్ ఒక కాగితం పట్టుకొచ్చాడు. నలభై ఏళ్ళవాడు, భయస్తుడు, చెడ్డవాడు కాదు. "అక్కా, ఇవాళే పంపాలట. ఇక్కడ ముద్ర వెయ్యండి చాలు" అన్నాడు. ఆమె సంచిలోంచి, సంతకానికి బదులు వాడే తన పేరు చెక్కిన ముద్ర తీసి, ఎర్ర సిరా అద్ది, చదవకుండానే వేసింది. మూడు రోజుల తర్వాత ఆ కాగితం నకలు చదివింది. 'యంత్రం సక్రమంగా ఉంది. మూత యథాస్థానంలో ఉంది. విద్యార్థిని ఏకాగ్రత లోపం వల్ల ప్రమాదం జరిగింది.'

ఆమె ఆ నకలును మడిచి సొరుగులో పెట్టింది. ఎవరితోనూ ఏమీ అనలేదు.

తర్వాత రెండు వారాలు రోజూ సాయంత్రం బస్సెక్కి తాయ్‌చుంగ్ వెళ్ళింది. కోత గాయాలు మానాలంటే సముద్రపు పండుగప్ప పులుసు తాగించాలంటారు మా వైపు; అందుకని ఆతియెన్ రోజూ పొద్దున్నే మార్కెట్‌కి వెళ్ళి చేప తెచ్చి, అల్లం వేసి కాచి ఫ్లాస్కులో పోసి ఇచ్చేవాడు. పోస్ట్‌మన్‌గా రిటైరైన మనిషి, ఇంట్లో వంట ఆయనదే.

"మార్కెట్‌లో నన్ను చూస్తే చేపలు కళ్ళు మూసుకుంటున్నాయి సుయూ" అన్నాడు పదో రోజున. "పాపం ఆ పిల్లకి ఒక్కరోజు కోడి పెట్టకూడదూ?"

"నీకు కష్టమైతే నేను కాస్తాను."

"కష్టమని ఎవరన్నారు? నువ్వు గరిటె పట్టుకుంటే చేప మళ్ళీ చస్తుంది." ఆమె నవ్వుతుందని ఆగి చూశాడు. నవ్వలేదు.

ఆసుపత్రిలో ఇజెన్ గిన్నె వైపు చూసి నిట్టూర్చింది. "టీచర్, ఇంకో గిన్నె తాగితే నాకు మొప్పలు మొలుస్తాయి."

"అలాగేనమ్మా. నీకు ఎంత తాగాలనిపిస్తే అంతే తాగు."

ఇజెన్ పక్క మంచం మీద కూర్చున్న వాళ్ళ నాయనమ్మ వైపు చూసింది. అందరూ చ్వాంగ్ అమా అని పిలిచే ఆ ముసలామె యాభై ఏళ్ళుగా సముద్రపు గట్టున కూర్చుని ఆల్చిప్పలు వొలిచి కిలోల లెక్కన అమ్ముతుంది. ఆమె వేళ్ళ మీద కత్తి గీతలు లేని చోటు లేదు. టీచర్ వెళ్ళిపోయాక ఇజెన్ అంది: "అమా, టీచర్ నన్ను తిట్టలేదు."

"తిట్లు కావాలా నీకు? నేను లేనూ?"

"నీ తిట్లు వేరు."

ఏప్రిల్ నెల మధ్యలో ఇజెన్ ఇంటికి వచ్చింది. మే నెల మధ్యలో పాఠశాల నుంచి ఇంటికి ఉత్తరం వచ్చింది. ఏకాగ్రత లోపం వల్ల ప్రమాదం తెచ్చుకున్న విద్యార్థిని నిబంధన ప్రకారం యంత్రాల గదిలోకి అనుమతించరు కనుక, సెప్టెంబరు నుంచి ఇజెన్‌ను వాణిజ్య విభాగానికి మారుస్తున్నారు. అభ్యంతరం ఉంటే మే నెలాఖరులోగా తెలపాలి.

అదే నెలలో న్యెన్ టీచర్ కూడా ఒక దరఖాస్తు పెట్టింది. వచ్చే ఏడాది నుంచి తనను పనిశాల నుంచి తప్పించి సామాన్ల గదిలో వేయమని. మేకులు, సరేసు, గరుకు కాగితం లెక్కపెట్టి పంచే గది. ఈలోపు రంపం తిరిగే పని ఉంటే ఫాంగ్‌ను పిలిచి, తాను బయటికి వెళ్ళి చేతులు వెనక్కి కట్టుకుని గోడ వైపు నిలబడేది. లోపల రంపం ఆగేదాకా అలాగే ఉండేది. పిల్లలు కిటికీలోంచి చూసేవాళ్ళు.

చ్వాంగ్ అమా చదువుకోలేదు. ఉత్తరాన్ని ఇజెన్ చదివి వినిపించింది. మొదటి వాక్యంలోనే ఆగింది. ఆసుపత్రిలో కట్లు విప్పినప్పుడు ఏడవని పిల్ల, 'ఏకాగ్రత లోపం' అన్న చోట ఏడ్చింది. ఆ తర్వాత నాలుగు రోజులైనా గదిలోంచి రాలేదు.

అమాకు తెలిసిన వైద్యం ఒకటే. పిల్ల జడుసుకుంది, ప్రాణం ఆ రంపం దగ్గరే ఎక్కడో ఉండిపోయింది, పిలుచుకుని రావాలి. ఇజెన్ బడి చొక్కా ఒకటి సంచిలో పెట్టుకుని సముద్రపు అమ్మవారి గుడికి వెళ్ళింది. గుడి పక్క వసారాలో నీలం అంగీ తొడుక్కుని, 'లో అత్త' అని మేం పిలిచే ఆవిడ కూర్చుంటుంది. మా ఊళ్ళో జడుసుకున్న పసిపిల్లల దగ్గర నుంచి పరీక్ష తప్పిన కాలేజీ పిల్లల దాకా అందరి చొక్కాలూ ఆమె చేతుల మీదుగా వెళ్ళినవే. గిన్నెలో బియ్యం పోసి సమంగా చదును చేసి, గిన్నెను చొక్కాలో చుట్టి, అగరుబత్తి పొగ మీద తిప్పుతూ మనిషి పేరూ ఊరూ చెప్పి పిలుస్తుంది. విప్పి చూస్తే జడుసుకున్నవాళ్ళ బియ్యంలో గుంట పడి ఉంటుంది.

ఇజెన్ బియ్యంలో గుంట పడలేదు.

"బల్లలాగా చదునుగా ఉంది" అంది లో అత్త. "నీ మనవరాలు జడుసుకోలేదు."

"నాలుగు రోజుల నుంచి గది తలుపు తియ్యట్లేదు, జడుసుకోలేదంటావేంటి? సరిగ్గా చూడు."

"జడుపు వేరు, కోపం వేరు. ఇది కోపం. కోపానికి నా దగ్గర బియ్యం లేవు." ఆమె చొక్కా మడిచి ఇచ్చేసింది. "ఆ రోజు ఆ రంపం గదిలో ఇంకెవరున్నారు?"

చ్వాంగ్ అమా గుడి మెట్లు దిగి తిన్నగా న్యెన్ టీచర్ ఇంటికి వెళ్ళింది. అది మే నెల మూడో ఆదివారం. టీచర్ వాకిట్లో ఉల్లిపాయలు తరుగుతోంది. ఆతియెన్ ముసలామెకు స్టూలు వేశాడు.

"టీచరమ్మా, మీ చొక్కా ఒకటి ఇవ్వండి" అంది అమా, కూర్చోకుండానే.

"నా చొక్కానా?"

"ఆ రోజు వేసుకున్నది ఉంటే మరీ మంచిది."

టీచర్‌కు అర్థమైంది. మా ఊళ్ళో ఎవరికైనా అర్థమవుతుంది. కత్తి కింద పెట్టి అంది: "అమా, మీ మీద గౌరవం లేక కాదు. నేను కొలబద్దకి అందినదాన్నే నమ్మే మనిషిని. ఇలాంటివి నమ్మను."

"నమ్మమని ఎవరన్నారు? చొక్కా ఇమ్మన్నాను."

ఆతియెన్ నవ్వు ఆపుకోలేక లోపలికి వెళ్ళాడు. తిరిగి వచ్చేటప్పుడు అతని చేతిలో బూడిదరంగు పని చొక్కా ఉంది. "ఇదేనమ్మా. పదకొండుసార్లు ఉతికింది. పారెయ్యదు, తొడుక్కోదు. అలమరలో నాకంటే దీనికే ఎక్కువ చోటు."

న్యెన్ టీచర్ భర్త వైపు చూసిన చూపులో ఒక్క క్షణం పాత టీచర్ కనిపించిందని అతనే తర్వాత చెప్పాడు.

మర్నాడు గుడిలో ఆ చొక్కా చుట్టిన గిన్నె విప్పేసరికి బియ్యంలో బొటనవేలు దూరేంత గుంట ఉంది. ఆ సంగతి చెప్పడానికి అమా ఇంటికి వచ్చి, మనవరాలి గది తలుపు అవతల నిలబడి గట్టిగా అంది: "మీ టీచర్ ప్రాణం ఆ రంపం దగ్గర ఉండిపోయిందట. ఇక్కడి నుంచి పిలిస్తే రాదట. అక్కడికే వెళ్ళి పిలవాలట. నువ్వు వస్తావా, కోపంతో గదిలోనే ఉంటావా?"

"ఏ రోజు?" అంది ఇజెన్ లోపలి నుంచి.

శనివారం మధ్యాహ్నం రెండు గంటలకు వాళ్ళు పనిశాలకు వచ్చారు. ఆ పూట సెలవే గాని లియావ్, ఇంకో ఇద్దరు పిల్లలు స్టూళ్ళు సరిచేసుకోవడానికి వచ్చారు. న్యెన్ టీచర్ ఎందుకు వచ్చిందంటే, అమా ముందురోజు ఫోన్ చేసి "మీరు రాకపోతే నేను మీ ఇంటి ముందు కూర్చుని ఆల్చిప్పలు వొలుస్తాను, ఆ వాసన నెల రోజులు పోదు" అంది. గుమ్మం లోపలికి రెండడుగులు వేసి ఆమె ఆగిపోయింది. అక్కడి నుంచి బల్ల రంపానికి ఎనిమిది అడుగులు ఉంటుంది.

అమా సంచిలోంచి చొక్కా తీసి ఇజెన్ భుజం మీద వేసింది. మూడు అగరుబత్తులు తీసి అగ్గిపుల్ల గీసింది.

"ఆగండి!"

అందరూ ఉలిక్కిపడ్డారు. న్యెన్ టీచర్ ఎనిమిది అడుగులూ దాటి వచ్చి అమా చేతిలోంచి అగ్గిపుల్ల లాక్కుని ఊదేసింది. "రంపపు పొట్టు ఉన్న గదిలో అగ్గి గీస్తారా ఎవరైనా? ఇదేమన్నా వంటగదా? లియావ్! ఏం చూస్తున్నావు కొంగలాగా? ఇసుక బకెట్ తీసుకురా. నువ్వు నీళ్ళు. నువ్వు ఇక్కడంతా ఊడ్చు. గోడ దాకా!"

లియావ్ బకెట్ కోసం పరుగెత్తాడు. వెళ్తూ పక్కవాడితో "కొంగ అంది, విన్నావా?" అన్నాడు. పండగలా ఉంది వాడి మొహం.

ఊడ్చాక అగరుబత్తులు ఇసుకలో గుచ్చారు. అమా గొంతు సవరించుకుంది. "న్యెన్..." అని ఆగింది. "మీ పేరేంటి టీచరమ్మా?"

రెండేళ్ళుగా ఎరిగిన మనిషి పేరు ఆమెకు తెలియదు. పిల్లలకు తెలుసు. వాళ్ళు నేల చూపులు చూశారు. గురువును పేరు పెట్టి పిలవడం మాకు ఎవరికీ నోరు రాని పని.

"నువ్వు పిలువు" అంది అమా మనవరాలితో.

"నేనా? టీచర్ పేరు పెట్టి పిలిస్తే నోరు పడిపోతుందేమో అమా."

"వేళ్ళు పోయినా బతికే ఉన్నావుగా. నోరు పోతే ఇంట్లో ప్రశాంతంగా ఉంటుంది. పిలువు."

ఇజెన్ రంపం బల్ల పక్కన నిలబడింది. ఎడమ చేతికి ఇంకా తెల్లటి తొడుగు ఉంది. కుడి చేత్తో చొక్కా పట్టుకుంది. చొక్కా ఎవరిదో వాళ్ళు "వచ్చాను" అనాలి, అదే లెక్క.

"న్యెన్ సుయూ" అంది, చిన్నగా. "భయపడకు. ఇంటికి రా."

టీచర్ రంపం వైపు చూస్తోంది. పలకలేదు.

"గట్టిగా" అంది అమా. "ప్రాణానికి చెవుడు ఉండదని ఎవరు చెప్పారు?"

"న్యెన్ సుయూ! భయపడకు! ఇంటికి రా!"

ఒక కుర్రాడికి నవ్వు వచ్చింది. లియావ్ వాడి పాదం తొక్కాడు. టీచర్ పెదవులు కదిలాయి గాని మాట రాలేదు.

మూడోసారి ఇజెన్ గొంతు మారింది. అది పిలుపులా లేదు, అడిగినట్టు ఉంది. "న్యెన్ సుయూ. ఇంటికి రా."

"ఆ మూత తీసింది నేను" అంది న్యెన్ టీచర్.

అమా మనవరాలి వైపు చూసింది.

"కాగితంలో మూత ఉందని రాశారు. లేదు. నేనే విప్పాను. మరలు నీ చేతిలో పెట్టాను. నీకు ఏకాగ్రత లేదని రాశారు. నేను చదవకుండా ముద్ర వేశాను. తర్వాత చదివాను. చదివి ఊరుకున్నాను." ఆమె గొంతు తడబడలేదు. పాఠం చెప్పినట్టే చెప్పింది. "మూడు రోజులు ఊరుకుంటే నాలుగో రోజు చెప్పడం ఇంకా కష్టం. రెండు నెలలు అలా గడిచాయి."

"తెలుసు టీచర్" అంది ఇజెన్. "మరలు నా జేబులోనే ఉన్నాయి, ఆసుపత్రిలో నర్సు ఇచ్చింది. మీరు నిజంగానే నేను అజాగ్రత్తగా ఉన్నానని అనుకున్నారేమో అనుకున్నాను. వేళ్ళు పోయినందుకు కాదు నేను ఏడ్చింది. మీరు అలా అనుకున్నారని." ఆమె చొక్కా అంచును నలిపింది. "ఆ మూత తీసే రోజు కోసం రెండేళ్ళు చూశాను. ఆ రోజు నా చూపు చెక్క మీద తప్ప ఎక్కడా లేదు."

"నాకు తెలుసు. నేను చూస్తూనే ఉన్నాను. అంత నిలకడైన చెయ్యి నేను చూడలేదు. ముడి లోపల ఉంది, ఎవరికీ కనబడదు. మూత ఉంటే నీ చెయ్యి అక్కడికి వెళ్ళేది కాదు." రంపం వైపు చూసి అంది: "మూత తీయడం గౌరవమని మా గురువు నాకు నేర్పాడు. అది గౌరవం కాదు. అదృష్టం మీద పందెం. పదిమందికి గెలిచాను కాబట్టి నాకు తెలియలేదు."

లియావ్ ఏడుస్తున్నాడు. మూత తీయించుకోవలసిన పన్నెండో మనిషి తానేనని వాడు ఏడాదిగా అనుకుంటున్నాడు.

"ముందు వచ్చాను అనండి!" అని అరిచింది చ్వాంగ్ అమా. "అగరుబత్తి అయిపోతోంది, మీరూ మీరూ తర్వాత మాట్లాడుకోండి!"

"వచ్చాను" అంది న్యెన్ టీచర్.

"ఇంకోసారి. రెండుసార్లు పిలిస్తే పలకలేదు కదా."

"వచ్చాను. వచ్చానమ్మా."

అమా చొక్కాను మనవరాలి చేతిలోంచి తీసి టీచర్ భుజాల మీద కప్పి, వీపు మీద మూడుసార్లు తట్టింది. అంతే. గుడి నుంచి తెచ్చిన బియ్యం ఒక పొట్లం కట్టి ఇచ్చి, గంజి కాచుకుని తాగమంది. నమ్మినా నమ్మకపోయినా తాగమంది.

సోమవారం పొద్దున ఎనిమిది కాకముందే న్యెన్ టీచర్ ఫాంగ్ గదికి వెళ్ళింది. చేత్తో రాసిన రెండు పేజీలు అతని ముందు పెట్టింది. ఎవరు మూత విప్పారు, ఎప్పుడు విప్పారు, ఇంతకుముందు ఎంతమందికి విప్పారు, అన్నీ అందులో ఉన్నాయి. కింద ఆమె ముద్ర ఉంది.

ఫాంగ్ చదివి కళ్ళద్దాలు తీశాడు. "అక్కా, ఇది పైకి పంపితే మీ సర్వీసులో మచ్చ పడుతుంది. రెండేళ్ళలో రిటైరవుతారు. ఎందుకొచ్చిన గొడవ?"

"మచ్చలేని చెక్క చూశావా ఎప్పుడైనా? అది ప్లాస్టిక్ అయి ఉంటుంది."

"నా ముద్ర కూడా ఉంది కదా ఆ పాత కాగితం మీద..."

"ఉంది. నువ్వు కూడా ఒకటి రాయి. పెన్ను ఉందా, ఇవ్వనా?"

అతను కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకున్నాడు. తర్వాత సొరుగులోంచి తెల్లకాగితం తీశాడు. నేను ముందే అన్నాను, అతను చెడ్డవాడు కాదు.

జూన్‌లో ఇద్దరికీ మందలింపు ఉత్తరాలు వచ్చాయి. న్యెన్ టీచర్ తన పేరు మీద వచ్చిన దాన్ని పనిశాల గోడకు, నిబంధనల పలక పక్కనే, నాలుగు మేకులతో కొట్టింది. సామాన్ల గది దరఖాస్తు వెనక్కి తీసుకుంది. ఇజెన్ బదిలీ ఉత్తరం రద్దయింది. ఆ వేసవి పోటీలకు వేరే ఊరి పిల్ల వెళ్ళింది. ఇజెన్ వెళ్ళలేదు. అది ఎవరూ మార్చలేకపోయారు. పోటీలు జరిగిన మూడు రోజులూ ఇజెన్ వాళ్ళ నాయనమ్మ పక్కన కూర్చుని ఆల్చిప్పలు వొలిచింది. నాలుగో రోజు పనిశాలకు వచ్చింది.

ఆ నెలంతా టీచరూ ఆమే బల్ల మీద ఒక చెక్కముక్క పెట్టుకుని, చూపుడు వేలు లేకుండా ఉలిని ఎలా అదిమి పట్టాలో వెతికారు. ఉంగరపు వేలితో పట్టి చూశారు, అరచేతి మడమతో అదిమి చూశారు. న్యెన్ టీచర్ తన చూపుడు వేలును టేపుతో అరచేతికి అంటించుకుని తానే కోసి చూసింది. ఆమె జాయింటు వదులుగా వచ్చింది. "బాతు కాలు" అంది ఇజెన్. టీచర్ ఆ ముక్కను తుక్కు కుప్ప మీదికి విసిరేసి ఇంకోటి తీసుకుంది.

అంతా సర్దుకుందని కాదు. రంపం మొదలైన మొదటి క్షణంలో ఆమె ఇప్పటికీ బల్ల అంచు పట్టుకుంటుంది. కొన్ని రోజులు ఇంటికి వెళ్ళి ఎవరితోనూ మాట్లాడకుండా పడుకుంటుంది. ఆతియెన్ ఆ రోజుల్లో చేప వండడు, ఆ వాసనకు ఆమెకు ఆసుపత్రి గుర్తొస్తుంది. కాని గోడ వైపు తిరిగి నిలబడటం మానేసింది.

సెప్టెంబరు మొదటి సోమవారం కొత్త పిల్లలు పద్నాలుగు మంది వచ్చారు, అయిదుగురు ఆడపిల్లలు. న్యెన్ టీచర్ వాళ్ళను బల్ల రంపం చుట్టూ నిలబెట్టింది. దాని మూత రెండు మరలనూ ఆమె వెల్డింగ్ చేయించింది, ఇక ఏ పనిముట్టుతోనూ ఊడవు. సన్నటి ముక్కలు కోయడానికి చెయ్యి పళ్ళకు దూరంగా ఉంచి ముక్కను ముందుకు తోసే చిన్న చెక్క బండి తానే చేసింది. దానితో పని నెమ్మదిగా అవుతుంది. పోటీల్లో కొన్ని నిమిషాలు పోతాయి. పోనీ అంది.

"ఈ రంపం మీద మార్చిలో ఒక ప్రమాదం జరిగింది" అంది. "తప్పు నాది. ఏం తప్పో చెబుతాను, తర్వాత ఈ అక్క తన చెయ్యి చూపిస్తుంది. చూడలేనివాళ్ళు చూడక్కర్లేదు, వినాలి."

ఆమె చెప్పింది. ఒక్క మాట తగ్గించలేదు. ఇజెన్ తొడుగు తీసి చెయ్యి చాపింది. వరసలో చివర నిలబడిన ఒక పొట్టి పిల్ల ఆ చేతినీ టీచర్ మొహాన్నీ మార్చి మార్చి చూసి అడిగింది: "అక్కా, మరి నువ్వు మళ్ళీ దీని దగ్గరికి ఎలా వచ్చావు?"

ఇజెన్ టీచర్ వైపు చూసింది. టీచర్ చెప్పమన్నట్టు గడ్డం ఎత్తింది.

"నేను రావడం కష్టం కాలేదు" అంది ఇజెన్. "టీచర్‌ని తీసుకురావడమే కష్టమైంది."

పిల్లలు నవ్వాలో వద్దో తెలియక న్యెన్ టీచర్ వైపు చూశారు. ఆమె చెవులకు తొడుగులు పెట్టుకుంది, వాళ్ళకూ పెట్టుకోమని సైగ చేసింది. అందరూ పెట్టుకున్నారో లేదో ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి చూసింది. పొట్టి పిల్ల జుట్టు విడిచి ఉంటే తన జేబులోంచి రబ్బరు బ్యాండు తీసి తానే ముడేసింది. తర్వాత రంపం స్విచ్ నొక్కింది.